బాలాజీ కాలనీలో పైథాన్ సాయంకాలం బ్యాచ్: ఆరు వేలకు గిట్టిందా?

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒక లాడ్జిలో లెక్కలు రాస్తాను. గదుల రిజిస్టర్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామని బాలాజీ కాలనీలోని ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడానికి చేరాను. రెండు నెలలు, ఆరు వేలు. నేను తప్ప అందరూ బీటెక్ పిల్లలే.

మొదటి నెల దండగ. పీడీఎఫ్ తెరిచి చదివి వినిపించారు, అంతే. ఏసీ ఉందన్నారు. ఉంది, వేయరు.

క్లాసులు, ఆబ్జెక్టుల పాఠానికి వేరే మేడమ్ వచ్చారు. బోర్డు మీద శనగపిండి, చక్కెర, నెయ్యి, జీడిపప్పు, యాలకులు అని రాసి, "ఇదేందన్నా?" అని నన్నే అడిగారు. "లడ్డు దిట్టం" అన్నాను, అంటే లడ్డుకు ఏ సరుకులు వేయాలో రాసిన పట్టీ. "క్లాస్ అంటే అదే. దిట్టం కాగితం నాకితే తీపి తగలదు. పోటులో, అదే గుడి వంటశాలలో, లడ్డు చుడితేనే ఆబ్జెక్ట్" అన్నారు మేడమ్. క్లాస్ పేరు పక్కన బ్రాకెట్లు మరిచిపోతే లడ్డు రాదట, దిట్టానికే ఇంకో పేరు పెట్టినట్టు అవుతుందట. ఈ ముక్క పీడీఎఫ్‌లో లేదు.

మర్నాడు నా 'గది' క్లాస్ రాసుకుని వెళ్లాను. 101లో చెన్నై కుటుంబాన్ని చేరిస్తే, ఖాళీగా ఉన్న 204లోనూ వాళ్లే కనిపించారు! టెన్షన్ పడ్డాను. మేడమ్ చూసి నవ్వారు. అతిథుల ఖాళీ లిస్టును నేను నేరుగా క్లాస్ కిందే రాశాను. అది ఒక్కసారే పుడుతుంది, గదులన్నీ దాన్నే పంచుకుంటాయి. లాడ్జి మొత్తానికి ఒకే రిజిస్టర్ పెట్టి, ప్రతి గదిలోనూ అదే చూసుకున్నట్టు. ఆబ్జెక్ట్ పుట్టినప్పుడల్లా నడిచే 'ఇనిట్'లో 'సెల్ఫ్ డాట్ అతిథులు' అని రాయించారు, ఏ గది లిస్టు ఆ గదికి వచ్చింది.

'సెల్ఫ్' దగ్గర మాత్రం తొందరపడ్డారు. ఒక మెథడ్‌లో, అంటే క్లాస్ లోపల రాసే ఫంక్షన్‌లో, అది రాయడం మరిచిపోతే, బ్రాకెట్లలో నేనేమీ ఇవ్వకపోయినా 'ఒకటి ఇచ్చారు' అని ఎర్రర్. ఆ ఒకటి ఆబ్జెక్టేనని, పైథాన్ తనంతట తానే పంపిస్తుందని ఇంట్లో రాత్రి పన్నెండు దాకా కూర్చుంటే గానీ అర్థం కాలేదు.

ఐదుకి మూడు స్టార్లు. ఆ మూడూ మేడమ్‌కే. జావా కూడా ఆవిడ చెబితే చేరదామని రిసెప్షన్‌లో అడిగాను. "ఎవరో ఒకరు చెబుతార్లే సార్, ముందు అడ్వాన్స్ కట్టండి" అన్నారు.