జూబిలీకి వెళ్లేవాళ్లు లాడ్జి నమ్ముకోకండి

మా అమ్మ పుట్టిన పల్లె ఒడిశాలో జయపురానికి దగ్గర. అక్కడి చిన్న లూథరన్ (ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) గుడికి 75 ఏళ్లు నిండాయని సంఘం వాళ్లు జనవరిలో జూబిలీ పెట్టి, ఊరి ఆడపడుచులందర్నీ పిలిచారు. అమ్మకి 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. అయినా వెళ్లి తీరాలంది. నేనూ, బావా తోడు బయల్దేరాం. విజయనగరంలో బస్సెక్కితే సాలూరు, సుంకి ఘాటీ, కోరాపుట్ మీదుగా జయపురం హాయిగా చేరిపోయాం.

వచ్చిన చిక్కల్లా లాడ్జితోనే. ఫోన్లో గది 1,200 అన్నాడు, 500 అడ్వాన్సు వేయించుకున్నాడు. అమ్మ మెట్లెక్కలేదు, కింద గది కావాలంటే సరేనన్నాడు. తీరా దిగాక 2,000 అన్నాడు, అదీ రెండో అంతస్తులో. లిఫ్టు లేదు. "మీ పండగ జనమే వస్తున్నారు, ఉంటే ఉండండి, అడ్వాన్సు మాత్రం తిరిగివ్వను" అన్నాడు. రాత్రి ఎనిమిదైంది, చలి కొరికేస్తోంది, అమ్మ బల్ల మీద కూలబడిపోయింది. ఏం చేస్తాం, ఉండిపోయాం. వేడినీళ్లు బకెట్ 40. ముగ్గురికీ కలిపి ఒకటే రగ్గు, రెండోదానికి 100. పొద్దున్న ఎనిమిదింటికే తలుపు బాది, ఇంకాసేపుంటే ఇంకో రోజు కట్టాలన్నాడు. 24 గంటలని ఫోన్లో చెప్పిందీ ఆ మనిషే! ఒక్క రాత్రికి 2,180 వదిలింది. బావ గొడవకి దిగితే "పండగ పూట వద్దు బాబూ" అని అమ్మ ఆపింది. ఊరెళ్లే ఆటోకి 250. దార్లో బావ నోరు విప్పలేదు.

గుడి దగ్గర అంతా మారిపోయింది. ఆరాధన ఒరియాలో జరిగింది, అమ్మకి పాటలన్నీ నోటికొచ్చు. 1882లో జర్మనీలోని బ్రెక్లుం మిషన్ వాళ్లు ఈ కొండల్లోకి వచ్చిన కథ పాస్టరయ్యగారు చెప్పారు. మన సాలూరూ ఆ మిషన్ పనిచేసిన ఊరే. 1936లో ఒడిశా వేరుపడేదాకా కోరాపుట్ కూడా విశాఖపట్నం జిల్లాలోదే కదా, అందుకే అక్కడ ముసలివాళ్లకి ఇప్పటికీ తెలుగు వస్తుంది.

నాకు బాగా నచ్చిందొకటుంది. గుడి కట్టినప్పుడు పిల్లలుగా రాళ్లందించిన ముగ్గురు ఇంకా ఉన్నారు. ముందు వాళ్లకి శాలువాలు కప్పారు, ఆ తర్వాతే నాయకుల చేతికి మైకు. ఆ ముగ్గురిలో ఒకామె అమ్మకి పిన్ని వరస. అమ్మ గడ్డం పట్టుకుని "అచ్చం మీ అమ్మవే" అని ఏడ్చేసింది.

ప్రేమ విందు అడ్డాకు విస్తళ్లలో. అన్నం, దాల్మా (కూరగాయలేసిన పప్పు), నాటుకోడి కూర, టమాటా ఖట్టా (తియ్యపుల్లటి పచ్చడి), చివర్న చల్లటి చోడి (రాగి) అంబలి. పైసా అడగలేదు. బావ మూడుసార్లు కూర వేయించుకున్నాక మళ్లీ మనిషయ్యాడు.

ఆ రాత్రి పిన్నమ్మ ఇంట్లోనే. కట్టెల పొయ్యి మీద నీళ్లు, మనిషికో రగ్గు. దూరం నుంచి వచ్చేవాళ్లకి సంఘం వాళ్లు ముందే ఇళ్లు చూసిపెట్టారట. మేం అడగలేదు, అంతే. అక్కడి లూథరన్ సంఘాలన్నీ ఒక్కటై జయపురం ఇవాంజెలికల్ లూథరన్ చర్చిగా ఏర్పడింది 1928లో, అంటే 2028కి నూరేళ్లు. వెళ్లాలనుకునేవాళ్లు ముందు సంఘ పెద్దకి ఫోన్ చెయ్యండి. లాడ్జి తప్పకపోతే రేటు, అంతస్తు, ఖాళీ చేసే టైము వాట్సాప్‌లో రాయించుకోకుండా అడ్వాన్సు వెయ్యకండి. స్వెట్టర్లు తీసుకెళ్లండి.

అప్పటికి పిన్నమ్మ ఇంట్లో నాలుగు రోజులుంటానని అమ్మ ఇప్పట్నించే అంటోంది.