35 ఏళ్లు చదివాక జిల్లా పేపరు గురించి నా మాట

ఫోన్లకీ మిక్సీలకీ రివ్యూలు రాస్తారు గానీ, రోజూ తెల్లారేసరికి గుమ్మంలో పడే పేపరుకి ఎవరూ రాయరు. మాది ఉత్తరాంధ్రలోని రాజాం. సిమెంటు, హార్డ్‌వేర్ కొట్టు. ఇంట్లో ఈనాడు మా నాన్న రోజుల నుంచీ వస్తోంది. కొట్లో మాత్రం ఎప్పుడూ రెండు మూడు పేపర్లు వేయిస్తాను, లోడు దిగేదాకా మేస్త్రీలూ ఇల్లు కట్టుకునేవాళ్లూ కూర్చోవాలి కదా, ఊరికే కూర్చుంటే బేరం మొదలెడతారు. అంచేత ఈ రివ్యూ చదువుకున్నవాడిది కాదు, పేపరు అరిగిపోయేదాకా తిరగేసినవాడిది. అదీ మొత్తం ఈనాడు గురించి కాదు, అందులో 1989లో మొదలైన జిల్లా పేజీల గురించి. విశాఖపట్నంలో పుట్టిన పేపరు అంత పెద్ద సంస్థ అవడానికి సగం కారణం అవేనని నా నమ్మకం.

ముందు సంగతి కొంచెం చెప్పాలి. నాన్న చెప్పేవాడు, అప్పట్లో పెద్ద పేపర్లు విజయవాడలో అచ్చయ్యి, రైల్లో చీపురుపల్లి దాకా వచ్చి, అక్కణ్నుంచి బస్సు టాపు మీద రాజాం చేరేసరికి భోజనాల వేళ దాటిపోయేదట. నాన్న దాన్ని చద్దిపేపరు అనేవాడు. విశాఖపట్నం అంతటి ఊరికే పొద్దున్న కాఫీతో పేపరు లేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. 1974 ఆగస్టు 10న రామోజీరావు గారు విశాఖలో ఈనాడు మొదలుపెట్టి (మొదటి ఎడిటరు ఏబీకే ప్రసాద్ గారు) పట్టుకున్నది సరిగ్గా ఈ సందునే. కొన్నివేల కాపీలతో మొదలైన పేపరు, తెల్లారకముందే గుమ్మంలో ఉండాలన్నది పంతం. రాసింది ఎలా ఉందన్నది తర్వాత, ముందు ఆరింటికి వచ్చిందా లేదా. నా కొట్లోనూ ఇదే చూశాను, సిమెంటు అన్నిచోట్లా ఒకటే, చెప్పిన టైముకి బస్తా దించినవాడి దగ్గరికే మళ్లీ వస్తారు.

తర్వాత 1975లో హైదరాబాదు, 1978లో విజయవాడ, 1982లో తిరుపతి. ఎడిషన్లు పెరిగాయి అంటే పేరు పెరిగిందనుకుంటాం గానీ, అసలు లాభం వేరే చోట ఉంది. అచ్చేసే చోటు ఎంత దగ్గరైతే రాత్రి అంత పొద్దుపోయాక జరిగింది కూడా పొద్దున్న పేపర్లోకి ఎక్కుతుంది. దూరం నుంచి కట్టలు రావాలంటే సాయంత్రానికే పేజీలు మూసేయాలి. దాంతో రాత్రి జరిగిన బస్సు ప్రమాదం ఎల్లుండి చదువుతాం.

ఇక 1989. మెయిన్ పేపరు మధ్యలో ఓ చిన్న సైజు పేపరు మడిచిపెట్టి వచ్చింది. దాన్ని ఎవరూ టాబ్లాయిడ్ అనలేదు, మా వీధిలో మినీ అన్నారు, ఇంకొందరు జిల్లా పేపరు అన్నారు. మొదటి వారమంతా మా ఇంట్లో జరిగింది నాకు బాగా గుర్తు. నాన్న ఢిల్లీ, హైదరాబాదు వార్తలన్నీ పక్కన పడేసి ముందు అది తీశాడు. అమ్మ వంటింట్లోంచే, "ఏటి రాసాడు, మనూరు గురించి ఏటైనా రాసాడా?" అని అడిగేది. రాసేవాడు! "రాజాం, న్యూస్‌టుడే" అని చిన్న అక్షరాలతో మొదలెట్టి, సంతలో నీళ్ల కుళాయి పాడైందనో, హైస్కూలు టాపరు ఫలానా అమ్మాయి అనో. అదంతా మాకు ముందే తెలుసు, కుళాయి పాడైన సంగతి బిందె పట్టుకుని వెళ్లిన అమ్మకి పేపరు చెప్పాలా? అయినా అచ్చులో చూస్తే వేరే. మా ఊరి పేరు అంతకుముందు పేపర్లో పడాలంటే తుఫానైనా రావాలి, హత్యైనా జరగాలి.

ఇందులో ఎవరూ పెద్దగా చెప్పుకోని ఇంకో ముక్క ఉంది. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం మండలాలు తెచ్చింది. తాలూకా కేంద్రాల దాకా వెళ్లాల్సిన పనులన్నీ దగ్గరికొచ్చాయి, ప్రతి మండలానికీ ఓ ఆఫీసు, ఓ ఎమ్మార్వో, ఓ మండలాధ్యక్షుడు, వాళ్లతో గొడవలు. నాలుగేళ్లు తిరక్కుండానే జిల్లా పేపర్లు రావడం, మండలానికో విలేకరి తయారవడం ఊరికే కుదిరిన జంట కాదనిపిస్తుంది నాకు. వార్త పుట్టే చోటు గవర్నమెంటు తయారుచేసింది, దాన్ని ఏరుకునే మనిషిని పేపరు పెట్టుకుంది.

యాడ్ల సంగతి చెప్పకపోతే ఈ రివ్యూ సగమే. మెయిన్ పేపర్లో ప్రకటన అంటే బ్యాంకులూ, సబ్బుల కంపెనీలూ ఇచ్చుకోవాలి. రాజాంలో బస్తా సిమెంటు అమ్మేవాడి యాడ్ చిత్తూరులో చూసి ఎవడికి ఉపయోగం? జిల్లాకే పరిమితమైన పేజీ వచ్చాక రేటు మా అందుబాటులోకి వచ్చింది. బట్టల కొట్లు, ఇంగ్లిష్ మీడియం స్కూళ్లు, పుట్టినరోజులు, షష్టిపూర్తులు, వర్ధంతులు, అన్నీ అక్కడే. నేను మొదటిసారి దసరాకి అడుగున ఓ పట్టీ వేయించాను, నా పది రోజుల లాభం పోయింది దానికి. గిరాకీ పెరిగిందా అంటే చెప్పలేను. కానీ ఆమదాలవలసలో మా అక్క అత్తగారు ఆ ముక్క కత్తిరించి దాచారు, తర్వాత రెండేళ్లు పెళ్లిళ్లలో దాని గురించే మాట్లాడారు. ఇలాంటి చిన్న చిన్న పట్టీలే వేలకొద్దీ కలిస్తే కంపెనీ ఎంత ఎదుగుతుందో మీరే లెక్కేసుకోండి.

లోపలి పేజీల గురించి ఎక్కువ చెప్పను. 1992లో వచ్చిన ఆడవాళ్ల పేజీ వసుంధర మా ఆవిడది, చదువుల పేజీ ప్రతిభ మా అమ్మాయిది, నాకు ఆదివారం పుస్తకం చాలు. భాష మాత్రం ఒక్క మాట. సెల్‌ఫోన్‌ని చరవాణి అంటారు, కాంట్రాక్టరుని గుత్తేదారు అంటారు. ఇన్నేళ్లలో మా కొట్టుకొచ్చిన ఒక్క గుత్తేదారు కూడా తనని తాను గుత్తేదారు అని చెప్పుకోలేదు. మొదట్లో నవ్వొచ్చేది. కానీ మా అబ్బాయి హైదరాబాదులో చదువుకుని వచ్చి తెలుగు తడబడకుండా రాస్తున్నాడంటే అందులో ఈ పేపరు వాటా ఉందని ఒప్పుకోక తప్పదు.

ఊరి పేజీకి బలం ఎంతో నాకు తెలిసొచ్చింది 1992లోనే. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా వద్దని తిరగబడితే, ఆ వార్త ఒక రోజుతో వదిలేయకుండా రోజూ పేజీలు కేటాయించి ఊరూరా ఏం జరుగుతోందో రాశారు. ఒక ఊళ్లో చీపుర్లతో సారా కొట్టు మూయించారని చదివి పక్క ఊరివాళ్లు బయలుదేరేవారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. ఉద్యమం ఆడవాళ్లది, అందులో సందేహం లేదు, కానీ ఒక జిల్లా కబురు ఇంకో జిల్లాకి మోసింది పేపరు. అప్పట్లో మా వీధిలో చదువురాని ఆడవాళ్లు నాన్న దగ్గరికొచ్చి ఆ పేజీ చదివించుకునేవారు.

ఇప్పుడు నచ్చనివి. ఏ ఒక్క పేపరునీ అనడం లేదు, మా మండలంలో తిరిగే అన్ని పేపర్లనీ కలిపే అంటున్నాను. మండల విలేకరి అంటే పెద్ద ఉద్యోగమని ఊళ్లో అనుకుంటారు. చాలామందికి జీతం ఉండదు, రాసినదాంట్లో అచ్చయినంతకి లైన్ అకౌంటు లెక్కన ఇంత అని వస్తుంది, అది పెట్రోలుకి చాలదు. పైగా యాడ్ల టార్గెట్లు. వారం కిందట ఎవరి కాలువ ఆక్రమణ గురించి రాశాడో, సంక్రాంతికి వాళ్ల దగ్గరికే శుభాకాంక్షల యాడ్ కోసం వెళ్లాలి. ఇంక ఏం రాస్తాడు పాపం? ఉగాదికీ ఆగస్టు 15కీ పేజీలు తిరగేస్తే చేతులు జోడించిన ఫొటోలే, వార్త ఎక్కడుందో వెతుక్కోవాలి. నాకు తెలిసిన ఓ విలేకరి పొద్దున పేపరుకి రాసి, మధ్యాహ్నం ఎల్‌ఐసీ పాలసీలు కట్టించేవాడు. మంచివాడు. రెండూ నిజాయితీగానే చేశాడు.

సొంత అనుభవం ఒకటి. ఓ ఏడాది అమ్మ సంవత్సరీకానికి ఓ పేపర్లో (పేరెందుకులెండి) ఫొటోతో ప్రకటన ఇచ్చాం. పొద్దున్నే తెరిస్తే అమ్మ పేరు కింద ఎవరో మీసాల పెద్దాయన. చిన్నాన్న ఉదయం నుంచి అన్నం ముట్టలేదు. మర్నాడు మళ్లీ సరిగ్గా వేశారు, డబ్బులు తీసుకోలేదు. కానీ ఆ మీసాలాయన ఇంట్లోవాళ్లు మా అమ్మ ఫొటో చూసుకుని ఏమనుకున్నారో అన్నది ఇప్పటికీ నా టెన్షన్.

రాజకీయం గురించి కూడా అడుగుతారు కాబట్టి చెబుతున్నా. ఈనాడు మొదటి పేజీ 1982లో తెలుగుదేశం పుట్టినప్పటి నుంచీ ఏ వైపో అందరికీ తెలిసిందే, 2008లో సాక్షి వచ్చాక అది ఏ వైపో కూడా దాపరికం లేదు. కొట్లో రెండూ పక్కపక్కన పెడితే ఒకే మీటింగు రెండు ఊళ్లలో జరిగినట్టుంటుంది. పోటీ వల్ల మాత్రం మాకు మేలే అయింది. సాక్షి అన్ని పేజీలూ రంగుల్లో వేసేసరికి మిగతావాళ్లూ సర్దుకున్నారు, జిల్లా వార్తల కోసం ముగ్గురు విలేకరులు పోటీపడి తిరగడం మొదలైంది. రాజకీయం పైపేజీల్లో ఎంత ముదిరినా, లోపల కుళాయి వార్తకి ఇంకా పార్టీ అంటలేదు. పూర్తిగా అంటలేదని అనలేను, తక్కువ అంటింది.

కరోనాతో 2020లో పేపర్లు సన్నబడ్డాయి. మా ఇంటికొచ్చేదాంట్లో విడిగా ఉండే మినీ పోయి జిల్లా వార్తలు మెయిన్ లోపలి పేజీల్లో కలిశాయి. ఇంట్లో ఇద్దరం ఒకేసారి చదువుకునే సుఖం పోయింది, ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ రోజూ పొద్దున్న తగువు. ఆ తర్వాత దెబ్బ ఇంకా పెద్దది, అందులో పేపరు తప్పు లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. అంతవరకు శ్రీకాకుళం జిల్లా అయిన రాజాం విజయనగరంలోకి వెళ్లింది, మా అత్తవారి పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది, అక్క ఉన్న ఆమదాలవలస శ్రీకాకుళంలోనే ఉండిపోయింది. ఒక్క రాత్రిలో మా చుట్టాలు మూడు పేపర్లలో పడ్డారు! పుట్టి పెరిగిన జిల్లా వార్తలు మాయమై, మనకి సంబంధం లేని ఊళ్ల పేర్లు వచ్చిపడ్డాయి. మొన్నామధ్య ఆమదాలవలసలో నాన్న స్నేహితుడు పోతే పెద్దకర్మ అయ్యాక తెలిసింది మాకు. ముందైతే పేపర్లో ఫొటో చూసి ఉదయమే బయలుదేరేవాళ్లం.

అందుకని ఇప్పుడు నా ఏర్పాటు ఇదీ. ఇంట్లో కాగితం పేపరు విజయనగరం పేజీలతో వస్తుంది, బిల్లు నెలకి రెండొందలు దాటింది, ఇంకా ఇస్తున్నా. టీ తాగాక ఫోన్లో ఈ-పేపరు తీసి శ్రీకాకుళం పేజీలు చూస్తాను, ఆ తర్వాత పార్వతీపురంవి మా ఆవిడకి చదివి వినిపిస్తాను. అక్షరాలు పెద్దవి చేస్తే సగం వాక్యం బయటికి పోతుంది, కళ్లజోడు పెట్టుకుంటే వేలు జారుతుంది, అదొక యాతన. వేరే ఊళ్లో ఉండి సొంతూరి పేజీ కావాలనుకునేవాళ్లకి ఈ-పేపరు బాగుంటుంది, హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి అలాగే చదువుతాడు. సొంతూళ్లోనే ఉన్నవాళ్లు కాగితమే వేయించుకోండి, ఏజెంటుకి చెప్పేటప్పుడు మీ పేజీలు ఏ జిల్లావి వస్తాయో ముందే అడగండి. సరిహద్దు మండలాల్లో ఉంటే మరీ అడగండి, మేం అడక్కుండా మూడు నెలలు చదివాం.