రెండు డిస్కులు తెచ్చాక: రెయిడ్ జోడీనా, రాత్రి కాపీనా?

బరంపురంలోనో పర్లాకిమిడిలోనో ఇంట్లో మూలన పడున్న డెస్క్‌టాప్‌ను బ్యాకప్ మిషన్ చేద్దామని 4 టీబీ డిస్కులు రెండు తెచ్చారనుకోండి. రెండింటినీ రెయిడ్ 1గా (ప్రతి రాతా రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పడేలా) జోడించాలా, విడిగా ఉంచి ఒకదాన్నుంచి ఇంకోదానికి రోజూ రాత్రి ఆర్‌సింక్ అనే లినక్స్ కాపీ ప్రోగ్రాంతో కాపీ వేయాలా? ఇంటికైతే మా ఓటు రెండోదానికే.

రెయిడ్ 1 ఒక డిస్కు పోయినా పని ఆగకుండా చూస్తుంది, అంతవరకే. పొద్దున 11 గంటలకు పిల్లల ఫొటోల ఫోల్డర్ పొరపాటున చెరిపేస్తే రెండో డిస్కులోనూ ఆ క్షణమే చెరిగిపోతుంది. రాత్రి కాపీ ఉంటే నిన్నటి ఫోల్డర్ అలాగే ఉంటుంది. పెళ్లిళ్ల సీజన్లో ఒక్క పూట కూడా మిషన్ ఆపలేని ఫొటో స్టూడియోకు రెయిడ్ కావాలి. ఇంట్లో అంత తొందరేముంది?

పైగా కరెంటొకటి. రాస్తుండగా పోతే ఒక డిస్కులో పడిన రాత రెండోదాంట్లో పడకపోవచ్చు. మళ్లీ ఆన్ చేశాక రెయిడ్ సరిచూసుకుంటుంది. ఎక్కడెక్కడ రాస్తున్నదీ గుర్తుపెట్టుకునే బిట్‌మ్యాప్ ఉంటే ఇది కాసేపటి పని. లేకపోతే డిస్కు మొత్తం చూడాలి, సెకనుకు 150 ఎంబీ చొప్పున వేసుకున్నా దాదాపు ఏడున్నర గంటలు. ఇన్వర్టర్ ఉందిగా అనుకోకండి. దాని మీది స్విచ్ యూపీఎస్ మోడ్‌లో లేకపోతే ఫ్యాన్ ఆగదు గానీ కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోవచ్చు.

రెయిడే కావాలంటే ఎస్‌ఎంఆర్ (రాత వరుసలు ఒకదానిమీద ఒకటి కొంత ఎక్కేవి) డిస్కులు వద్దు, సీఎంఆర్ (వరుసలు విడివిడిగా ఉండేవి) అని ఖాయం చేసుకునే కొనండి. ఎస్‌ఎంఆర్‌లో కొత్త డిస్కు పెట్టి మళ్లీ నింపేటప్పుడు వేగం పాతాళానికి పడిపోతుంది. యూఎస్‌బీ డబ్బాలతో జోడీ కట్టకండి, కేబుల్ కాస్త కదిలితే రెయిడ్ డిస్కు పోయిందనుకుంటుంది. లినక్స్‌లో రెయిడ్ పరిస్థితి చూపే ఎండీస్టాట్ ఫైల్లో పక్కపక్కన రెండు ‘యూ’ అక్షరాలు కనబడాలి. ఒకదాని చోట అడ్డగీత ఉంటే నడుస్తున్నది ఒంటి డిస్కు మీదే. ఈమెయిల్ హెచ్చరిక పెట్టకపోతే అది నెలల తరబడి తెలియదు.

రాత్రి కాపీకీ గోతులున్నాయి. రెండో డిస్కు మౌంట్ కాని (సిస్టమ్‌లో తన ఫోల్డర్‌కు జతపడని) రోజున ఆర్‌సింక్ ఆ ఖాళీ ఫోల్డర్‌లోకే, అంటే సిస్టమ్ డిస్కులోకే, రాసేసి దాన్ని నింపేస్తుంది. అందుకని మౌంట్ అయిందో లేదో చూసే లైను స్క్రిప్టు మొదట్లోనే పెట్టాలి. ‘డిలీట్’ ఆప్షన్ ఒక్కటే వాడితే చెరిపిన ఫోల్డర్ ఆ రాత్రికే కాపీలోనూ పోతుంది. ‘లింక్‌డెస్ట్’తో తేదీల వారీ ఫోల్డర్లు చేయించండి, మారని ఫైళ్లకు హార్డ్ లింకులు (అదే ఫైలుకు ఇంకో పేరు) పడతాయి, అవి మళ్లీ చోటు తినవు. డిస్కును లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేయాలి, ఎక్స్‌ఫ్యాట్‌లో హార్డ్ లింకులు కుదరవు. రాత్రి మిషన్ ఆపేసే ఇంట్లో చెప్పిన వేళకే పని నడిపే క్రాన్ బదులు అనాక్రాన్ పెడితే తప్పిన కాపీ మళ్లీ ఆన్ చేశాక నడుస్తుంది.

ఏది ఎంచుకున్నా మూడో డిస్కు ఊరి బయట ఉండాలి. పలాసలో చుట్టాలింట్లో పెడితే చాలదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఆ పక్కనే తీరం దాటి శ్రీకాకుళాన్నీ గజపతి జిల్లానూ ఒకేసారి దెబ్బతీసింది. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటిందీ అక్టోబరులోనే, 12న. అందుకే అక్టోబరు రాకముందే, వినాయక చవితి వెళ్లగానే తాజా కాపీ వేసి, ఆ డిస్కును హైదరాబాదులో ఉన్న పిల్లలకు పంపేయండి.