ఏటవాలు కప్పు మీద పన్నెండేళ్లు: పెంకు, రేకు, షింగిల్

మా ఇంటి కప్పు వాలు 40 డిగ్రీలు. ముందు భాగమంతా మట్టి పెంకులు, వెనక గదుల మీద రంగు పూత వేసిన ఉక్కు రేకులు, వరండా మీద షింగిల్స్, అంటే పైన ఇసుకలాంటి రేణువులు అద్దిన తారు పలకలు. పోల్చి చూద్దామని వేసినవి కావు, ఒక్కోటి ఒక్కో అవసరం కొద్దీ వచ్చి చేరాయి. పన్నెండేళ్లుగా ఒకే ఎండ, ఒకే వాన మూడింటి మీదా పడుతున్నాయి కాబట్టి ఏది ఎలా నిలిచిందో చెప్పగలను.

ముందు కొలత సంగతి. వాలు పెరిగేకొద్దీ కప్పాల్సిన వైశాల్యం పెరుగుతుంది. 40 డిగ్రీల దగ్గర కింద 100 చదరపు మీటర్లుంటే పైన 130 దాకా కప్పాలి. మేం నేల కొలత చూసుకుని పెంకులు తెప్పించాం, చివర్లో చాల్లేదు. మళ్లీ తెచ్చినవాటి రంగు కలవలేదు, గాడి కూడా సరిగ్గా కూర్చోలేదు. ఆ వరసలు ఇప్పటికీ దూరం నుంచే తెలిసిపోతాయి.

అయినా పెంకులంటే నాకు గట్టి నమ్మకం. ఇంత వాలులో నీరు నిలవదు, పై పెంకు మీంచి కింది పెంకు మీదికి జారిపోతుంది. సందుల్లోంచి గాలి ఆడుతుంది కాబట్టి వాసాలు పొడిగా ఉన్నాయి. ఏటా ఐదారు పెంకులు మారుస్తాం. అవీ చాలావరకు పైకెక్కినవాళ్ల కాళ్ల కింద పగిలినవే. కొప్పుకు కొక్కెం తగిలించుకునే నిచ్చెన తెప్పించాక ఆ నష్టం తగ్గింది.

మేం చేసిన పెద్ద తప్పు పెంకుల్ని కట్టించకపోవడం. వాలు తక్కువైతే సొంత బరువుకే నిలుస్తాయేమో, మా కప్పు మీద నిలవలేదు. మూడో ఏడు ఈదురుగాలికి అంచు వరసలోంచి తొమ్మిది పెంకులు వాకిట్లోకి జారిపడ్డాయి. పది నిమిషాల ముందు మా పాప అక్కడే ఆడుకుంటోంది. తలుచుకుంటే ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది. ఆ వారంలోనే ప్రతి పెంకునూ స్టెయిన్‌లెస్ తీగతో కింది రీపరుకు (పెంకులు ఆనే అడ్డ చెక్కకు) కట్టించాం. ఆ తర్వాత ఒక్కటీ జారలేదు.

బరువు మాత్రం బాగా లెక్కచూసుకోవాలి. పెంకు కప్పు చదరపు మీటరుకు సుమారు 40 కిలోలు తూగుతుంది. అర మిల్లీమీటరు మందం రేకైతే ఐదు కిలోల లోపే. పాత రేకులు తీసి పెంకులు వేయాలనుకునేవాళ్లు వాసాలు, దూలాలు ఇంజినీరుకు చూపించకుండా పని మొదలుపెట్టొద్దు.

రేకుల కథ వేరు. ఎనిమిదో ఏడు వెనక గది గోడ మీద తేమ మరక కనిపించింది. పైకెక్కి చూస్తే రేకు కొత్తదానిలాగే నిగనిగలాడుతోంది. స్క్రూ తల కింద ఉండే నల్ల రబ్బరు వాషర్ మాత్రం బీటలు వారింది, గోటితో గీకితే పొడిలా రాలింది. కొన్నిచోట్ల మరీ బిగించేయడంతో రబ్బరు పక్కలకు పొంగుకొచ్చి చీలిపోయింది. రేకు ఎండకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. ఆరు మీటర్ల ఉక్కు రేకు 50 డిగ్రీల తేడాకు మూడున్నర మిల్లీమీటర్లు కదులుతుంది, ఆ లాగుడంతా స్క్రూ రంధ్రాల మీదే పడుతుంది. అన్నీ తీయించి, కాస్త లావు స్క్రూలు ఈపీడీఎం (ఎండను బాగా తట్టుకునే రబ్బరు) వాషర్లతో వేయించాం. వాషర్ కొద్దిగా ఉబ్బితే చాలు, అక్కడితో ఆపమని దగ్గరుండి చెప్పాను.

ఇంకోటి, రేకుల్ని కప్పు మీదే గ్రైండర్‌తో కోయనివ్వకండి. నిప్పురవ్వలు పడ్డచోటల్లా మాకు ఆవగింజంత తుప్పు చుక్కలు లేచాయి. వాన చప్పుడు కూడా తక్కువేమీ కాదు, కింద ఇన్సులేషన్ వేయించేదాకా ఆ గదిలో ఫోన్ మాట్లాడలేకపోయేవాళ్లం.

షింగిల్స్ తేలిక, చూడ్డానికీ బాగుంటాయి. కానీ గట్టర్ శుభ్రం చేసినప్పుడల్లా దోసెడు ఇసుకలాంటి రేణువులు వస్తున్నాయి. ఎండ నుంచి తారును కాపాడేవి అవే. ఎండ ఎక్కువ తగిలే వైపు అంచులు లేవడం మొదలైంది.

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది పెంకుల వాలు, రేకుల వాలు కలిసే మూల. రెండు వైపుల నీరూ అక్కడికే చేరుతుంది. మొదట వేసిన రేకు కాలువ జానెడు వెడల్పు కూడా లేదు. ఆకులు అడ్డం పడితే నీరు పొంగి పెంకుల కిందికి పోయేది. దాన్ని రెండింతలు వెడల్పు చేయించి, రెండు అంచులూ పైకి మడిపించాకే కారడం ఆగింది.

వచ్చే ఏడు వరండా షింగిల్స్ తీసి పెంకులే వేయిస్తున్నాం. వాసాలు బలపరిచాం. ఈసారి వాలు కొలత ప్రకారం లెక్కకట్టి, పైగా ఇంకో యాభై పెంకులు ఒకే విడతలో తెప్పించి గోడవారగా పేర్చి ఉంచాం.