స్ట్రాబెర్రీ ఆకుమచ్చకు పేరు పెట్టాలంటే: మైక్రోస్కోపా, ఐటీఎస్సా, మూడు జన్యువులా?

ప్లాంట్ పాథాలజీ విద్యార్థులు పదేపదే అడిగే ప్రశ్న ఇది. ఆకు మీద ఎప్పుడూ చూడని మచ్చ కనిపించింది, దాన్నుంచి బూజు పెరిగింది, ఇక పేరు తేల్చడానికి ఏ దారి మేలు? ఫ్లోరిడా స్ట్రాబెర్రీ తోటలను 2017-18 సీజన్ నుంచి దెబ్బతీస్తున్న నియోపెస్టలోషియాప్సిస్ అనే బూజును ముందు పెట్టుకుని చూద్దాం. అంతకుముందు ఈ ప్రజాతి (జీనస్) బూజును నీరసపడ్డ మొక్కల మీద బతికే చిల్లర శత్రువుగానే లెక్కేసేవారు. చిల్లరదేదో, తీవ్రమైనదేదో విడదీయడంలోనే చిక్కంతా ఉంది.

ఏ దారిలో వెళ్లినా మొదటి పని శుద్ధ కల్చర్. మచ్చ అంచు నుంచి, అంటే సగం పచ్చగా సగం గోధుమరంగులో ఉన్నచోటు నుంచి, 3-5 మిల్లీమీటర్ల ముక్క కోయాలి. 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో నిమిషం ముంచి, స్టెరైల్ నీటిలో మూడుసార్లు కడిగి, తడి అద్ది పీడీఏ (బూజును పెంచే బంగాళదుంప-చక్కెర అగర్) మీద పెట్టాలి. మచ్చ నడిమి నుంచి కోస్తే ఎక్కువగా ఆల్టర్నేరియా, క్లాడోస్పోరియం లాంటి పైబూజులే వస్తాయి. కాలనీ పెరిగాక ఒకే సిద్ధబీజం (స్పోర్) నుంచి మళ్లీ కల్చర్ తీయాలి. ఈ మెట్టు దాటేస్తే రెండు బూజుల డీఎన్ఏ కలిసిపోయి, సీక్వెన్స్ గ్రాఫ్‌లో ఒకదాని మీద ఒకటి ఎక్కిన శిఖరాలు కనిపిస్తాయి. అప్పుడు పెట్టిన డబ్బంతా వృథా.

మైక్రోస్కోప్ చవక, ఫలితం అదే రోజు చేతికొస్తుంది. పీడీఏ మీద దూదిలా తెల్లటి కాలనీ, దాని మీద నల్లసిరా బొట్లలా సిద్ధబీజాల ముద్దలు. స్లైడ్ మీద చూస్తే ప్రతి బీజంలో ఐదు గదులు: రెండు కొసల గదులూ రంగులేనివి, మధ్య మూడూ రంగున్నవి. పైకొసన సాధారణంగా రెండు నుంచి నాలుగు తోకలు, కింద ఒకటి. మధ్య గదుల్లో పై రెండూ కింది దానికంటే ముదురుగా ఉంటే నియోపెస్టలోషియాప్సిస్. మూడూ ఒకే లేత రంగులో ఉంటే పెస్టలోషియాప్సిస్. 2014లో ఈ ప్రజాతులను విడదీసినప్పుడు డీఎన్ఏతో పాటు ఈ రంగు తేడానూ లెక్కలోకి తీసుకున్నారు. ప్రజాతి వరకు ఇది చాలు. జాతి (స్పీషీస్) దగ్గరకొచ్చేసరికి కొలతలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోతాయి, అక్కడితో ఆగిపోవాల్సిందే.

ఐటీఎస్ అంటే శిలీంధ్రాలను గుర్తించడానికి మామూలుగా చదివే డీఎన్ఏ భాగం. అది చాలామందికి ఇష్టం, ఎందుకంటే దాన్ని నకలు తీసే ప్రైమర్లు (చిన్న డీఎన్ఏ ముక్కలు) దాదాపు ప్రతి శిలీంధ్రం మీదా పనిచేస్తాయి. కానీ ఈ ప్రజాతిలో జాతుల మధ్య ఐటీఎస్ తేడాలు మరీ తక్కువ. బ్లాస్ట్‌లో (సీక్వెన్స్‌ను డేటాబేస్‌తో పోల్చే ఆన్‌లైన్ సాధనం) వేస్తే నూరు శాతం సరిపోలిక నాలుగైదు పేర్లతో వస్తుంది. వాటిలో కొన్ని పాత వర్గీకరణ ప్రకారం పెట్టినవి, ఎవరూ సరిదిద్దనివి. మొదటి వరుసలో కనిపించిన పేరును థీసిస్‌లో రాసేయడం ఎంత మామూలో అంత తప్పు.

నా ఓటు మూడు జన్యువులకే: ఐటీఎస్‌కు తోడు టెఫ్1, బీటా ట్యూబులిన్ అనే ప్రొటీన్ జన్యువులు. మూడింటినీ విడివిడిగా అలైన్ చేసి (అక్షరానికి అక్షరం వరుసలో పేర్చి), టైప్ కల్చర్ల (జాతికి పేరు పెట్టినప్పుడు ఆధారంగా దాచిన కల్చర్ల) సీక్వెన్సులతో మాత్రమే పోల్చి వంశవృక్షం గీయాలి. ఫ్లోరిడాలో తీవ్రమైన రకాన్ని మామూలు రకాల నుంచి వేరుచేసే పరీక్షలకు బీటా ట్యూబులిన్ తేడాలే ఆధారమయ్యాయి.

అయినా ఎన్ని జన్యువులు చదివినా పేరే వస్తుంది, నేరం రుజువు కాదు. నా దృష్టిలో అసలు తీర్పు ఇనాక్యులేషన్‌దే (ఆరోగ్యంగా ఉన్న మొక్కకు బూజు అంటించి చూడటం), అందులోనూ గాయం చేయని ఆకు మీద చేసినది. సూదితో గుచ్చిన ఆకు మీద పెడితే చిల్లర బూజు కూడా గోధుమ వలయం తెప్పిస్తుంది. మిల్లీలీటరుకు లక్ష నుంచి పది లక్షల బీజాల ద్రావణంలో చుక్క ట్వీన్-20 (ద్రావణం ఆకుకు అంటుకునేలా చేసే సబ్బులాంటి పదార్థం) కలిపి, ఆకులు తడిసి కారేదాకా పిచికారీ చేయాలి. తర్వాత 25 డిగ్రీల దగ్గర 48 గంటలు ప్లాస్టిక్ సంచి కప్పి ఉంచాలి. పోలిక కోసం ఉంచిన కంట్రోల్ మొక్కలకు బీజాలు లేని అదే ద్రావణం కొట్టాలి. కంట్రోల్‌కూ మచ్చలు వచ్చాయంటే మొదట అనుమానించాల్సింది మొక్కలనే. ఈ బూజు పైకి కనపడకుండా నారులోనే రాగలదు. ఫ్లోరిడా తోటల్లోకీ నర్సరీ మొక్కలతోనే చేరింది. లంబసింగి వైపు బయటి నుంచి మొక్కలు తెప్పించుకునే రైతుల నమూనాలు చూసేవారు దిగుమతైన రోజే కొన్ని మొక్కలను పరీక్షకు పక్కన పెట్టుకోవాలి. చివరగా, వచ్చిన మచ్చ నుంచి బూజును తిరిగి తీసి, అది మొదటిదేనని సీక్వెన్స్‌తో సరిచూడాలి.

ల్యాంప్, క్యూపీసీఆర్ లాంటి వేగవంతమైన డీఎన్ఏ పరీక్షలు తెలిసిన శత్రువును త్వరగా పట్టడానికి, కొత్తదానికి పనికిరావు. పూర్తి జీనోమ్ బాగుంటుంది, బడ్జెట్ ఉంటే.

డబ్బు ఒక్క జన్యువుకే ఉంటే, స్ట్రాబెర్రీ విషయంలో ఐటీఎస్ వదిలేసి బీటా ట్యూబులిన్ చేయించండి. కల్చర్‌ను గ్లిసరాల్‌లో మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచి ఉంచితే టెఫ్1 తర్వాతైనా చేయించుకోవచ్చు.