టేబుల్ కింద వైర్లు దాచే ఆ తెల్ల పెట్టె కొనకండి, కొన్నవాళ్ళు ఒకసారి మూత తీసి చూడండి

విజయవాడ, గుంటూరుల్లో ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు ఎవరైనా కంప్యూటర్ టేబుల్ కింద వైర్లు కనపడకుండా సర్దుకునే కిట్ కోసం వెతుకుతుంటే కాస్త ఆగండి. తెల్ల ప్లాస్టిక్ పెట్టె, పైన చెక్కలా కనిపించే మూత, లోపల ఐదు సాకెట్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు, దాంతోపాటు గుప్పెడు స్టిక్కర్ క్లిప్పులు, ప్లాస్టిక్ టైలు, అన్నీ కలిపి 1,299 అని షాపింగ్ యాప్‌లో కనిపిస్తుంది. అచ్చం అలాంటిదే గవర్నర్‌పేటలో ఒక షాపులో వేరే పేరుతో వేలాడుతుంటే చూశాను. పెట్టె చూడ్డానికి ముచ్చటగానే ఉంది, దాన్నేమీ అనను. గొడవంతా లోపల పెట్టి ఇచ్చే ఆ ఎక్స్‌టెన్షన్ బాక్సుతోనే.

మేమూ అదే కొని వాడాం. దాని మీద మేం పెట్టిన లోడు కూడా చెప్తాను, ఎందుకంటే కస్టమర్ కేర్ వాళ్ళు మొదట అన్న మాట "ఓవర్‌లోడ్ చేసుంటారు మేడమ్" అని. నా లాప్‌టాప్ చార్జరు 65 వాట్లు, మానిటర్ 30 లోపు, వైఫై రౌటర్, ఫోన్ చార్జర్, మా వారి లేజర్ ప్రింటర్. ప్రింటర్ ఒక్కటే పేజీ తీసేటప్పుడు కాసేపు గట్టిగా లాగుతుంది, అది కూడా కలిపి చూసినా బాక్సు మీద పెద్దక్షరాలతో రాసిన 2500 వాట్లలో సగానికి రాదు. అయినా మే నెలలో ఒక మధ్యాహ్నం మా అత్తయ్య గారు "ఏదో ప్లాస్టిక్ కాలుతున్న వాసనమ్మా" అంటూ ఇల్లంతా తిరిగి చివరికి నా టేబుల్ దగ్గర ఆగారు. మెయిన్ ఆపేసి మూత తీస్తే ప్రింటర్ పిన్ను పెట్టిన సాకెట్ చుట్టూ గోధుమ రంగుకి తిరిగిపోయి, ప్లాస్టిక్ మెత్తబడి, పిన్ను దానికి అతుక్కుపోయి ఉంది. మూత ఉండబట్టి అంతవరకూ ఎవరికీ కనపడలేదు, అసలు కొన్నదే కనపడకుండా ఉండటానికి కదా!

మా వీధి ఎలక్ట్రీషియన్ దాన్ని స్క్రూలు విప్పి చూపించాడు. లోపల ఇత్తడి పట్టీలు ఉండాలి, వీటికి అయస్కాంతం పెడితే టక్కున అతుక్కుంది, అంటే ఇనుప రేకు. ఏ దేశం పిన్ను అయినా పట్టేలా అడ్డదిడ్డంగా కోసిన బెజ్జాలు, వాటిలో ఏ పిన్నూ బిగువుగా కూర్చోదు, ఆ వదులు దగ్గరే చిన్న చిన్న మెరుపులొచ్చి వేడెక్కుతుందట. వైరు చివర బ్లేడుతో గీకితే పైన రాగి రంగు, లోపల తెల్లగా అల్యూమినియం. అల్యూమినియానికి కరెంటు మోసే శక్తి రాగితో పోలిస్తే 60 శాతం చిల్లర, అలాంటప్పుడు కనీసం వైరన్నా లావుగా ఉండాలి కదా, ఇది ఫోన్ చార్జర్ తీగ కన్నా కాస్త లావు, అంతే.

అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండింది మూడో బెజ్జం చూశాక. పైన ఎర్త్ బెజ్జం ఉంది, లోపల దానికి ఏ తీగా లేదు. ఉత్త కన్నం. లాప్‌టాప్ రేకు మీద మణికట్టు ఆనిస్తే సన్నగా జివ్వుమనడం ఎందుకో అప్పుడు తెలిసింది, ఇప్పుడు వేరే బోర్డుకి మార్చాక ఆ జివ్వుమనడం లేదు. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్ళు ఈ ఒక్క విషయం కోసమైనా ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి.

కొనేముందు ఫొటోలోనే పట్టుకోగలిగిన సంగతి ఒకటుంది. బాక్సు వైరు చివరున్న పిన్ను చూడండి. మన మామూలు సన్న పిన్ను 6 ఆంప్స్‌ది, ఏసీకీ గీజరుకీ వచ్చే లావు పిన్ను 16 ఆంప్స్‌ది. 6 ఆంప్స్ పిన్ను, 230 వోల్టులు అంటే గుణిస్తే 1380 వాట్లు. ఆ సన్న పిన్ను పెట్టి మీద 2500 వాట్లు అని అచ్చేశారంటే వాళ్ళు రాసిన మిగతా మాటలు ఎంతవరకు నమ్మాలో మీరే చూసుకోండి.

ఐఎస్ఐ గుర్తు కూడా ఉంది దాని మీద, నిక్షేపంలా. కానీ అసలైన గుర్తుకి పైన ఐఎస్ నంబరు, కింద సీఎం/ఎల్ అని లైసెన్స్ నంబరు ఉంటాయి. ప్లగ్గులకీ సాకెట్లకీ అయితే ఐఎస్ 1293. దీనికి పైనా లేదు కిందా లేదు, బొమ్మ మాత్రమే. నంబరు ఉన్నా సరే, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే ఆ లైసెన్స్ ఎవరిదో, ఇంకా నడుస్తోందో లేదో వచ్చేస్తుంది. షాపులో నిలబడి చూసుకోవచ్చు, షాపాయన మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనివ్వండి.

స్టిక్కర్ క్లిప్పుల గురించి ఎక్కువ చెప్పను. మన ఎండలకి జిగురు కరిగి ఒక్కొక్కటే రాలిపోయాయి, గట్టిగా పట్టుకున్న రెండూ పోతూ పోతూ టేబుల్ సన్‌మైకా పొర లేపుకుపోయాయి.

రేటింగ్ నాలుగున్నర ఉంది కదా అనుకోకండి. ప్యాకెట్‌లోనే ఒక కార్డు వచ్చింది, ఐదు నక్షత్రాలిచ్చి స్క్రీన్‌షాట్ పంపితే 100 రూపాయలిస్తామని. ఎక్కువమంది డబ్బా విప్పిన రోజే రాసేస్తారు, వేడెక్కేది నెలలు వాడాక కదా. ఇంకో తమాషా, అమ్మేవాళ్ళు పెట్టిన ఫొటోలో మానిటర్‌కి అసలు వైరే లేదు. ఎడిటింగ్‌లో చెరిపేసి "చూడండి ఎంత నీటుగా ఉందో" అంటే ఉండదా మరి!

ఇప్పుడు మేం చేసుకున్నది ఇది. నంబరు సరిచూసిన మంచి బోర్డు, రాగి వైరుది, టేబుల్ వెనక గోడకి స్క్రూలతో బిగించాం, చుట్టూ గాలి ఆడేలా. ప్రింటర్ నేరుగా గోడ సాకెట్‌కే. చార్జర్ల దిమ్మలు పట్టడానికి టేబుల్ కింద ఇనుప జాలీ ట్రే, గోడ మీద కనిపించే వైర్లకి పీవీసీ కేసింగ్ పట్టీ, కట్టలు కట్టడానికి వెల్క్రో. ప్లాస్టిక్ టైలు మరీ బిగించి లాగితే ఇన్సులేషన్ నొక్కుకుపోతుంది. మిగిలిన వైరుని చుట్టలు చుట్టి మూసిన డబ్బాలో కుక్కితే ఆ వేడి బయటికి పోయే దారుండదు, అదీ గుర్తుపెట్టుకోండి. పూర్తిగా దాగలేదు, వంగి చూస్తే కనపడతాయి. ఎవరు వంగి చూస్తారు?

బోర్డు నేల మీద మాత్రం వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు సింగ్‌నగర్ ఇళ్ళల్లోకి వచ్చినప్పుడు ముందు మునిగినవి ఈ నేల మీది బాక్సులే. అప్పుడు తడిసినవాటిని ఎండబెట్టి ఇంకా వాడుతున్నవాళ్ళుంటే అవి కూడా తీసేయండి, లోపల తుప్పు పైకి కనపడదు.

డబ్బుల సంగతి. రిటర్న్ గడువు అయిపోయిందని యాప్‌వాళ్ళు చేతులెత్తేశారు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కాలిన సాకెట్ ఫొటోలు, బిల్లు పెట్టి ఫిర్యాదు చేశాక అమ్మినవాళ్ళ నుంచి ఫోనొచ్చింది, కొత్తది పంపిస్తామని. అదే పెట్టె ఇంకొకటి నేనేం చేసుకోను? డబ్బులే కావాలని రాసిపెట్టాను, ఇంకా తేల్లేదు. మీరూ కొనుంటే బిల్లు, ప్యాకెట్ మీది వాట్ల రాతలు, బాక్సు అడుగున ఉన్న స్టిక్కరు ఫొటోలు తీసి ఉంచుకోండి, ఫిర్యాదులో అవే అడుగుతారు.