తలకోనా, శ్రీవారి మెట్టు దారా: మౌంటెన్ బైక్‌తో వెళ్లేవాళ్ల కోసం

తిరుపతి చుట్టుపక్కల మౌంటెన్ బైక్ తొక్కాలనుకునేవాళ్లు ఏ దారి బాగుంటుందని అడుగుతుంటారు. ఆ దారిలో ఎవరెవరు నడుస్తారో ముందు కనుక్కోండి అంటాను నేను. మేం తిరిగిన దారుల్లో సైకిల్ కోసమే వేసినది ఒక్కటీ లేదు, నడిచేవాళ్లే అక్కడ ముందు.

శ్రీనివాసమంగాపురం నుంచి శ్రీవారి మెట్టుకి వెళ్లే రోడ్డు పొద్దున్నే ఎంత బాగుంటుందో, ఎదురుగా శేషాచలం కొండలు, చల్లగాలి. కానీ అది భక్తుల దారి. 2,388 మెట్లు ఎక్కడానికి వచ్చినవాళ్లు, చెప్పుల్లేకుండా నడిచేవాళ్లు, చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు గోవింద నామం చెప్పుకుంటూ పోతుంటే వెనక వచ్చే సైకిల్ చప్పుడు వాళ్లకి వినపడదు. దూరం నుంచే బెల్ కొట్టి, దగ్గరికొచ్చాక నడక వేగానికి తగ్గి, "కుడిపక్క నుంచి వస్తున్నా అన్నా" అని ఒక మాట అనాలి. స్పీడ్ కావాలంటే ఈ దారి వద్దు, శని ఆదివారాలైతే అసలే వద్దు.

నాకు తలకోన వైపే ఎక్కువ నచ్చింది. భాకరాపేట ఘాట్ మలుపుల్లో లారీలు, బస్సులతో టెన్షన్ కాబట్టి సైకిళ్లు వ్యాన్‌లో వేసుకెళ్లి నెరబైలు దగ్గర దించుకోండి. ఊళ్ల మధ్య మట్టిబాటల్లో గులకరాళ్లు ఎక్కువ, టైర్లలో గాలి కాస్త తగ్గిస్తే పట్టు దొరుకుతుంది. దిగుడులో సీటు మీంచి లేచి ఒళ్లు వెనక్కి వేసి రెండు బ్రేకులూ కలిపి మెల్లగా నొక్కాలి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టుకుంటే గులకరాళ్లలో చక్రం జారిపోతుంది.

ఒక మలుపు తిరగ్గానే బాట నిండా మేకలు. దిగి సైకిల్‌ని పక్కకి వాల్చి పట్టుకున్నాం. "బెల్ కొట్టొద్దు నాయనా, బెదిరి చేలో పడతాయి" అంది వాటి వెనకొస్తున్న అవ్వ. ఒక పిల్లమేక హ్యాండిల్ గ్రిప్‌ని నాకి చూసి, రుచి నచ్చక మందలో కలిసిపోయింది. నడిచేవాళ్లకి బెల్ కావాలి, పశువులకి మాత్రం నిశ్శబ్దం కావాలి, ఈ తేడా తెలియనివాళ్లని ఆ బాటల్లో చాలామందిని చూశాను. ఇంకోటి, ఇరుకు చోట ఎక్కేవాళ్లకే దారివ్వాలి, ఎత్తులో ఒకసారి ఆగితే మళ్లీ తొక్కడం ఎంత కష్టమో తొక్కినవాళ్లకి తెలుసు. గుంపుగా వెళ్తే ముందున్నవాళ్లు "వెనక ఇంకా ముగ్గురున్నారు" అని ఎదురొచ్చేవాళ్లకి చెప్పాలి.

తలకోన శ్రీ వెంకటేశ్వర నేషనల్ పార్క్‌లో ఉంది. 270 అడుగుల జలపాతం దగ్గరికి నడకబాటే, సైకిల్‌కి తాళం వేసి నడిచి వెళ్లండి. అటవీశాఖ అనుమతి లేకుండా లోపలి దారుల్లోకి దిగొద్దు. చిరుతలు తిరిగే అడవి కాబట్టి చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు, చీకటి పడకముందే బయటపడాలి.

బసకి తలకోనలోనే గది దొరికితే మంచిది, తెల్లారగానే ఎండెక్కకముందే బయల్దేరొచ్చు. వారాంతానికి ముందే బుక్ చేసుకోండి. తిరుపతిలో ఉంటే గదులు, భోజనం ఏ రకం కావాలన్నా దొరుకుతాయి గానీ పొద్దుటి చల్లటి గంటలు ప్రయాణానికే పోతాయి.

అద్దె సైకిళ్ల విషయంలో మాత్రం నాకు కోపమే. ఒక షాపులో ఇచ్చిన సైకిల్ వెనక బ్రేకు ప్యాడ్ పూర్తిగా అరిగిపోయి ఉంది, "కొత్తదే సార్" అన్నారు, పట్టుబట్టి మార్పించుకున్నాం. డబ్బు కట్టకముందే రెండు బ్రేకులూ విడివిడిగా నొక్కి చూడండి, హెల్మెట్ బకిల్ పెట్టి లాగి చూడండి. స్పేర్ ట్యూబ్, పంపు వెంట ఉండాల్సిందే, భాకరాపేట దాటాక పంక్చర్ షాపు కనపడింది గానీ మా చక్రానికి సరిపోయే ట్యూబ్ అక్కడ దొరకలేదు.